ఆఖరి స్టాపులో ఇల్లు

మార్కెట్ దాటేసరికి బస్సులో కాలు పెట్టే సందు లేదు. కండక్టరు ఒక చేత్తో పై కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో టికెట్ మిషన్ని ఛాతీకి అదుముకుని, మనుషుల మధ్య నుంచి పక్కవాటుగా జరుగుతున్నాడు. సన్నటి మనిషి. ఇన్నేళ్ల ఉద్యోగం ఆయన్ని ఇంకాస్త అరగదీసింది. తోలుసంచి రాసుకుని రాసుకుని చొక్కా ఎడమవైపు వెలిసిపోయింది. అక్కడ భార్య వేసిన మాసిక, చూసేవాళ్లకి రెండో జేబులా కనిపిస్తుంది.

"జరగండి బాబూ, లోపలికి జరగండి. లోపల బోలెడు చోటుంది."

లోపల చోటు లేదని ఆయనకీ తెలుసు. లేని చోటు ఉందని చెప్పడమే ఆయన ఉద్యోగం. జనం కూడా ఆ మాట నమ్మినట్టే నటించి, భుజాలు ముడుచుకుని, ఇంకో మనిషికి చోటిస్తారు. ఆ ఊరు అలాగే నడుస్తోంది.

ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ బస్సు నీళ్ల ట్యాంకు దగ్గరే ఆగిపోయేది. అదే ఆఖరి స్టాపు. అవతల రోడ్డు లేదు. గడ్డి, తుప్పలు, వాటి మీద బోలెడంత ఆకాశం. మధ్యాహ్నం ట్రిప్పుకి అక్కడ బస్సు కాసేపు ఆగేది. భార్య క్యారియర్ పట్టుకుని అదే బస్సులో వచ్చేది. తిన్నాక ఆవిడ ఇటుక ముక్కొకటి ఏరుకుని నేల మీద ఇల్లు గీసేది. ఇది వంటిల్లు, ఇది వరండా, ఇదిగో ఇక్కడ పిల్లల గది. "ఏమయ్యా, గోడ తొక్కుతున్నావు, గుమ్మంలోంచి రా," అనేది. ఆయన బుద్ధిగా వెనక్కి వెళ్లి గుమ్మంలోంచి వచ్చేవాడు.

వాళ్లుండేది సైకిల్ షాపు మీద రెండో అంతస్తులో, ఒంటి గదిలో. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. ఎంత దగ్గరంటే, పక్కింట్లో కుక్కర్ కూతేస్తే ఈవిడ తన స్టవ్ ఆపేసేది. అలా చాలాసార్లు అన్నం పలుకుగానే తిన్నారు. ఆవిడ కుట్టుమిషన్ దగ్గర కూర్చుంటే పగలు కూడా లైటు వెలగాల్సిందే. అంత వెలుతురు మనిషికి ఎందుకని ఎవరైనా అడిగితే, సూదిలో దారం ఎక్కించడానికి, అని నవ్వేసేది. కానీ ఆవిడకి కావలసింది ఒక ముంగిలి. తన సొంత ఎండలో తన బట్టలు ఆరేసుకోవాలని ఆవిడ కోరిక. అంతకంటే పెద్ద కోరిక ఏదీ ఆవిడ నోటి నుంచి ఆయన వినలేదు.

వీళ్లు నీళ్ల ట్యాంకు దగ్గరి ఆ స్థలం కొందామనుకునేలోపు ఊరొచ్చి దాన్ని మింగేసింది. ఆఖరి స్టాపు ఇటుక బట్టీల దగ్గరికి జరిగింది. వాళ్లూ వెనకే వెళ్లి మళ్లీ గీసుకున్నారు. ఈసారి ఆవిడ పిల్లల గది గీయలేదు. ఆ చోట కుట్టుమిషన్‌కి ఒక గది వచ్చింది. కొన్నాళ్లకి ఆ ఇంటి మీదా అపార్ట్‌మెంట్లు లేచాయి. ధరలెప్పుడూ బస్సు కంటే ముందే ఆఖరి స్టాపు చేరుకునేవి.

తర్వాత ఆవిడ రావడం మానేసింది. గుండె పెద్దదైందని, మెట్లు ఎక్కకూడదు దిగకూడదని డాక్టరు చెప్పాడు. "ఇల్లు చిన్నదైపోయి అది పెద్దదైంది కాబోలు," అంది ఆవిడ. అప్పటినుంచి ఆ గది దాటలేదు.

ఈ వారమే స్టాపు మళ్లీ జరిగింది. ఈసారి ఒక కుంట ఒడ్డుకి. అక్కడొక పెద్ద బోర్డు పాతారు. ఊరు ఇక్కడితో ఆగుతుందనీ, ఇక్కడి నుంచి ఎవరూ ఏమీ కట్టకూడదనీ దాని మీద రాసుంది. 

"ఇక ఊరు పక్కకి పెరగదట బాబాయ్," అన్నాడు డ్రైవరు. "పైకే పెరుగుతుందట. మీ సందులోనే ఇంకా అంతస్తులు లేపుతారు. ఊపిరి పీల్చుకోడానికి ఇటువైపు వదిలేశారు."

ఆ సంగతి రాత్రి అన్నం తింటూ భార్యకి చెప్పాడు.

"అయితే మనమూ కట్టలేం," అంది.

"మనమే కాదు, ఎవరూ కట్టలేరు."

ఆవిడ కంచంలో వేళ్లు ఆపింది. "అంటే, అక్కడ గీస్తే మన వంటింట్లో ఎవరూ బూట్లేసుకుని తిరగరన్నమాట," అంది. తర్వాత మెల్లగా, "నన్నొకసారి తీసుకెళ్లవూ," అంది.

డాక్టరు మాట ఆయనకి గుర్తుంది. వద్దని చెప్పడానికి నోరు తెరిచాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఏదీ రెండోసారి అడిగిన మనిషి కాదు, ఇదీ అడగదు. సరేనన్నాడు. ఆ సరే అన్నప్పటినుంచి ఆయనకి భయంగానే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ట్రిప్పులో డ్రైవరు బస్సుని సైకిల్ షాపు ముందు ఆపాడు. అది స్టాపు కాదు. డ్రైవరూ, సైకిల్ షాపాయనా పైకి వెళ్లి ఆవిడని ప్లాస్టిక్ కుర్చీతో సహా దించుకొచ్చారు. మెట్ల మలుపులో కుర్చీ ఇరుక్కుంటే ఆవిడ, "పెళ్లికి కూడా నాకింత ఊరేగింపు లేదు," అంది. ఆయాసపడుతూనే అంది. ఆలస్యమైపోతోందని గొణుగుతున్న ఒకాయన, ఆవిడ మొహం చూసి, లేచి కిటికీ సీటు ఇచ్చాడు.

నీళ్ల ట్యాంకు దగ్గర కండక్టరు వంగి చూపించాడు. "మన వంటింట్లో బ్యాంకు పెట్టారు."

"గాజు తలుపులు పెట్టారే. మనమైతే పెట్టేవాళ్లం కాదు," అంది ఆవిడ.

ఇటుక బట్టీల దగ్గర వరండా ఏమైందని అడిగింది. స్కూటర్లు పెట్టుకుంటున్నారని చెప్పాడు.

కుంట ఒడ్డున గాలి జోరుగా ఉంది. అక్కడ టీ బండి పెట్టుకున్న ఒకావిడ అప్పుడే నేల ఊడ్చుకుంది. కండక్టరు ఇటుక ముక్క వెతికి తెచ్చి గీయడం మొదలుపెట్టాడు. భార్య డ్రైవరు చెయ్యి పట్టుకుని నిలబడి పని చేయించింది.

"గుమ్మం ఇంకాస్త పెద్దది పెట్టు. నా ఇంట్లోకి నేను వంగి రావాలా ఏంటి?"

ఆయన కాలితో చెరిపి మళ్లీ గీశాడు. వంటిల్లు, మిషన్ గది, కుంటవైపు వరండా. అంతా అయ్యాక ఆవిడ గుమ్మం బయట చెప్పులు విడిచింది. లోపలికి వచ్చి, బస్సులోంచి దించి వరండాలో వేసిన తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పాదాలు ఎండలోకి చాపుకుంది. ఇద్దరూ క్యారియర్ విప్పి తిన్నారు. ఆవిడ మధ్యమధ్యలో చుట్టూ చూసి ఇల్లు సర్దుకుంటున్నట్టు తల ఊపింది.

డ్రైవరు హారన్ కొట్టాడు.

"నువ్వు ట్రిప్పు వేసి రా," అంది. "నేనింట్లోనే ఉంటాను."

రోజూ పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే ఆవిడ అనే మాటే అది. ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండమని టీ బండి ఆవిడకి చెప్పి బస్సెక్కాడు.

వెళ్లేటప్పుడు బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు టికెట్లు కొడుతున్నాడే గానీ మనసంతా ఆ వరండాలోనే ఉంది. నీళ్ల ట్యాంకు రాగానే అలవాటైన గొంతుతో, "ఆఖరి స్టాపు, అందరూ దిగండి," అని అరిచాడు. ఊరికి కొత్తగా వచ్చి చేరినవాళ్లే ఎక్కువమంది, వాళ్లకి దారి తెలియదు. బుద్ధిగా అందరూ దిగిపోయారు.

డ్రైవరు అద్దంలోంచి ఖాళీ బస్సుని చూశాడు. "బాబాయ్, ఎవర్ని దింపేశావు?"

కండక్టరు కిందికి దూకాడు. బతిమాలి బతిమాలి అందర్నీ మళ్లీ ఎక్కించాడు. కొందరు తిట్టారు. ఒక ముసలావిడ నవ్వి, తప్పిపోయానేమో అనుకున్నాను నాయనా, అంది. ఒకతను అప్పటికే రోడ్డు దాటి బ్యాంకు మెట్ల దాకా వెళ్లిపోతే, పరిగెత్తి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. తమ వంటింటి ముందు నిలబడి ఇంత ఆలస్యం చేశానే అని తనని తానే తిట్టుకున్నాడు.

కుంట దగ్గర బస్సు దిగేసరికి టీ బండి ఆవిడ నోటి మీద వేలుంచుకుని ఎదురొచ్చింది.

"ఇందాకే పడుకుంది. లేపకండి. ఎంతసేపూ నీళ్లకేసే చూసింది. టీ ఇవ్వనా అంటే, మా ఇంటికొచ్చి నువ్వు పెట్టడమేంటి, కూర్చో, నేనే పెడతానంది."

ఆయన గుమ్మంలోంచి లోపలికి వెళ్లాడు. "ఏమోయ్," అన్నాడు. ఆవిడ చెయ్యి ఎండలోనే ఉంది. అయినా పట్టుకుంటే చల్లగా ఉంది. కొంగు సర్ది, కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. త్వరగా వచ్చి ఉండాల్సింది. వచ్చి ఏం చేసేవాడో ఆయనకే తెలియదు, పక్కన ఉండేవాడు, అంతే. అలా కూర్చుని ఆవిడ చూసిన వైపే చూశాడు. నీళ్లు, నీళ్ల అవతల గడ్డి, ఎక్కడా ఒక్క గోడ లేదు.

డ్రైవరు హారన్ కొట్టలేదు. బస్సు దిగి వచ్చి, గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగి, అక్కడినుంచే లోపలికి వచ్చాడు. ఇద్దరూ ఆవిడని కుర్చీతోనే ఎత్తి బస్సు దాకా తీసుకెళ్లారు. ఎక్కబోతున్న జనం పక్కకి తప్పుకున్నారు. జరగండని ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

డ్రైవరు ఇంజను వేసి, అద్దంలో ఆయన్ని చూస్తూ ఆగాడు. తొందర పెట్టలేదు. చాలాసేపటికి వెనకనుంచి చిన్నగా, "రైట్," అని వినబడింది. బస్సు కుంట ఒడ్డున తిరిగి ఊరివైపు బయల్దేరింది.

టీ బండి ఆవిడ చీపురు పట్టుకుని అటు వచ్చి, గీతల దగ్గర ఆగిపోయి, వెనక్కి తిరిగింది. గుమ్మం బయట, మడమల దగ్గర అరిగిన కండక్టరు భార్య చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి.