ఆబా మాస్టారి డస్టర్

"అబ్లాబా, అబ్లాబాస్, అబ్లాబా!"

మాటకో దెబ్బ చొప్పున డస్టర్ చెక్క బల్ల మీద పడుతోంది. సుద్దపొడి లేచి మాస్టారి చొక్కా మీదా, నెరిసిన కనుబొమల మీదా వాలుతోంది. మడమ అరిగిన ఎడమ బూటు వల్ల మనిషి కాస్త పక్కకు ఒరిగాడు. ఎన్నో ఏళ్లుగా ఈ కోచింగ్ సెంటర్లో స్పానిష్ పాఠం ఇదే, మోత ఇదే. పిల్లలు పెట్టిన పేరు ఆబా మాస్టారు.

"ఆర్‌తో ముగిసే క్రియకి ఆ ఆర్ తీసేసి ఆబా తగిలించండి. ఏర్, ఈర్‌లకి ఈయా. మాట్లాడేవాణ్ణి, తినేదాన్ని అంటామే, అలా రోజూ చేస్తూ వచ్చిన పనులకి ఇది. ఒక్కసారి చేసి ఊరుకున్నదానికి కాదు. బుర్రకెక్కిందా, మట్టిబుర్రల్లారా?"

ముందు బెంచీలో, ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ పళ్లు కొరికింది. స్పానిష్ పరీక్ష గట్టెక్కితేనే ఆమెకు వేరే దేశంలో ఉద్యోగం. చదువుకోడానికొచ్చింది గానీ కమ్మరి కొలిమి పక్కన కూర్చోడానికా? నిన్న డైరెక్టరుకు ఫిర్యాదు చేసింది ఆమే.

పొద్దున మాస్టారి అక్క కూడా మంచిమాట చెప్పి పంపలేదు. ఆవిడ ఇంట్లో వెనక గదే మాస్టారి కాపురం. "నోరు అదుపులో పెట్టుకో. ఈ ఉద్యోగమూ ఊడగొట్టుకొస్తే నా గడప తొక్కకు," అంది.

డైరెక్టరు లోపలికొచ్చాడు. ఇస్త్రీ నలగని కుర్రాడు.

"ఆ చెక్క పక్కన పెట్టండి మాస్టారూ. చప్పుడు లేకుండా చెప్పించండి, చూద్దాం. వీళ్లు చెప్పలేకపోతే రేపట్నుంచి వీడియో పాఠాలే."

మాస్టారు డస్టర్ దింపాడు. "బిబీర్. అంటే బతకడం. చెప్పండి," అన్నాడు.

అందరూ పుస్తకాల్లోకి తలలు దూర్చారు. డైరెక్టరు నవ్వాడు. మాస్టారికి ఒళ్లు మండింది, కానీ అక్క గడప గుర్తొచ్చి తిట్టు మింగేశాడు.

అప్పుడు నర్సమ్మ గోరు బెంచీ మీద టిక్కుమంది. "బిబీయా." టిక్కు. "బిబీయాస్." తను కొడుతున్నట్టు ఆమెకే తెలీదు. వెనక బెంచీలూ అందుకున్నాయి. బిబీయా, బిబీయామోస్, బిబీయాయిస్, బిబీయాన్! ఒక్క తడబాటు లేదు. మాస్టారి ముఖం, ఎంత దాచుకున్నా, వెలిగిపోయింది.

"బాగా వచ్చేసిందే వీళ్లకి! మిగతాది వీడియోలు చూసుకుంటాయి. మీరిక రానక్కర్లేదు," అన్నాడు డైరెక్టరు.

"అదేంటండీ! చెప్పారుగా వీళ్లు!" అన్నాడు మాస్టారు.

"చెప్పలేకపోతే పంపిస్తానన్నాను. చెప్తే ఉంచుతానన్నానా?"

ఎంత మాట! తేనె పూసిన కత్తి కూడా కాదు, ఉత్త కత్తి.

"నేను చప్పుడు గురించే చెప్పాను సార్," అని నర్సమ్మ గొణిగింది. ఎవరూ వినిపించుకోలేదు. మాస్టారు గొడుగు తీసుకుని, ఎవర్నీ తిట్టకుండా బయటికి నడిచాడు. తిట్టకుండా వెళ్లడం ఆయన జన్మలో అదే మొదలు. అక్క ఇంటి వైపు కాక బస్టాండు వైపు తిరగడం కిటికీ పక్కవాళ్లు చూశారు.

మర్నాడు గోడ మీద తెర దిగింది. అందులో ఒక అమ్మాయి నవ్వుతూ అబ్లాబా అంటోంది. బల్ల మీద డస్టర్ అలాగే ఉంది, ఒక మూల అరిగిపోయి, బొటనవేలు ఆనిన చోట చిన్న గుంట పడి.