సింహాచలమ్మగారి మడమలు

కార్తీకం వచ్చేసరికి నా చేతులు ఉల్లిపొరల్లా పొట్టు రాలుతున్నాయి. చర్మం డాక్టరు చేపనూనె మాత్రలు రాశాడు. "కొందరికి పొడితనం తగ్గుతుంది, కొందరికి తగ్గదు. కొబ్బరినూనె మాత్రం మానకండి" అన్నాడు. అంత నిజం చెప్పే డాక్టరు మీద నమ్మకం కుదరడానికి కాస్త సమయం పట్టింది.

ఖరిదా బజారులో సీసా కొన్నానే గానీ, ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. మా మరిది బుజ్జిబాబు విరిగిన కాలు అతుక్కుంటే కార్తీకమంతా నీసు నోట పెట్టనని మా అత్తగారు సింహాచలమ్మ అప్పన్నకు మొక్కుకున్నారు. కాలు అతుక్కుంది. చేప లేనిదే ముద్ద దిగని మనిషి వంకాయతో కాపురం చేస్తున్నారు. ఆవిడ ఎదుట చేపనూనె మింగడం బాగుండదని, సీసా మీది కాగితం పీకేసి విటమిన్ మాత్రల పక్కన పెట్టాను.

ఒక ఉదయం మా రైల్వే క్వార్టరు మెట్ల మీద కూర్చుని ఆవిడే అన్నారు.

"నీ కొత్త మాత్రలు మంచియేనే, కిరణ్మయీ. నేనూ వాడతన్నాను."

ఆవిడకు తెలియకుండా ఆవిడ మొక్కు నేను చెడగొట్టేశాను. అప్పుడే వర్క్‌షాపుకి బయల్దేరిన బుజ్జిబాబు కాలివంక చూశాను. కుంటుతున్నట్టే కనిపించాడు.

దాచి లాభం లేదనుకున్నాను.

"అత్తా, అవి చేపనూనెవి."

"ఆ సంగతి పిల్లులు సెప్పినాయిలే."

అప్పుడు చూశాను. కాలనీ పిల్లులు రెండు ఆవిడ మడమలు శ్రద్ధగా నాకుతున్నాయి.

"పక్కింటి డయానా ఇటమిన్ మాత్ర పిన్నుతో పొడిసి మొగానికి రాసుకోదేటి? నేను మడమలకి రాసినాను. పగుళ్ళు పూడినాయి గానీ, ఇయ్యి వదల్డం లేదు."

"అయితే మింగలేదా?"

"మింగడానికి నాకేటి రోగం?"

"చేపదని తెలిసీ రాస్తున్నావా అత్తా?"

"అప్పన్నకి నోట పెట్టనని సెప్పినాను. కాలికి రాయనని సెప్పినానేటి?"

నేను ఆవిడ పక్కనే మెట్టు మీద కూలబడ్డాను. టిఫిన్ డబ్బా మరిచిపోయిన బుజ్జిబాబు వెనక్కొచ్చి, మా ఇద్దరినీ దాటుకుని రెండేసి మెట్లు ఎక్కేశాడు. అంత చక్కటి నడక నేను ఈమధ్య చూడలేదు.

లోపలికెళ్ళి నా మాత్ర తెచ్చుకుని, ఆవిడ ఎదుటే మింగాను.

"నెల పోనీ," అన్నారు అత్తగారు, నా వంక కాస్త అసూయగా చూస్తూ. "సేపే తెప్పిద్దాం. ఈ నూనె బిళ్ళలేటి."

సాయంత్రం సీసా మీద పెద్ద అక్షరాలతో చేపనూనె అని రాసి, పిల్లులకు అందనిచోట, అత్తగారికి అందేచోట పెట్టాను.