లోపలికి జరగండి, చోటుంది

ఆయన సిటీ బస్సు కండక్టర్. బస్సులో చోటు లేదన్న మాట ఆయన నోట ఏనాడూ రాలేదు. ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడుతున్నవాణ్ణి కూడా "లోపలికి జరగండి, వెనకంతా ఖాళీయే" అని నమ్మించగల మొనగాడు. ఎక్కినవాణ్ణి మధ్యలో దించిన పాపాన పోలేదు. ఒక విజిల్ వేస్తే బండి ఆగాలి, రెండు వేస్తే కదలాలి. ఆయన బస్సులో రెండు విజిళ్ళు మోగినంత జోరుగా ఒక్క విజిల్ ఎప్పుడూ మోగలేదు.

ఈ గుణాన్ని డ్యూటీ దిగాక డిపోలోనే వదిలేసి వస్తే ఎవరికీ పేచీ ఉండేది కాదు. ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నాడు.

పెళ్ళయిన కొత్తలో ఆ రెండు గదుల ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒక చేప. పుట్టింటి నుంచి వస్తూ ఆయన భార్య గాజుసీసాలో వేసుకుని, దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న ఎర్ర చేప అది. ఇద్దరూ దాన్ని 'పిల్ల' అనేవారు. కొన్నాళ్ళకు సీసా పోయి గాజుతొట్టి వచ్చింది. అంత తొట్టిలో ఒక్క చేప తిరుగుతుంటే కండక్టర్ ప్రాణం ఊరుకోలేదు. ఖాళీ బస్సు నడిపినట్టే ఉందని జీతం అందినప్పుడల్లా ఓ జంటను ఎక్కించాడు. తొట్టి కిటకిటలాడాక కూడా, అడుగున ఖాళీ ఉందనే వాదించాడు.

ఇల్లూ అలాగే నిండింది. తమ్ముడు ఉద్యోగం దొరికేదాకా ఉంటానని వచ్చాడు. ఉద్యోగం దొరికింది, తమ్ముడు కదల్లేదు. తర్వాత వాడికి పెళ్ళయి మరదలు వచ్చింది. ఇంతమందికి చాకిరీ చేయలేక భార్య నీరసపడితే, చేతిసాయానికి ఉంటుందని మేనత్తను తీసుకొచ్చాడు. మేనత్త మంచం దిగకుండానే, సాయం ఎలా చేయాలో అందరికీ చెప్పేది. భార్య పడక వంటింట్లోకి, గ్యాస్ సిలిండర్ పక్కకు మారింది.

"ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊరికే అన్నారట్రా!" అని మేనత్త నిట్టూర్చేది. అందులో మొదటి ముక్కకు తన మంచం కూడా కారణమేనని ఆవిడకు తట్టలేదు.

ఇలా ఉండగా తొట్టిలో నీళ్ళు మసకబారాయి. వాసన కూడా మొదలైంది. ఇంటిల్లిపాదీ నడుం బిగించారు. తమ్ముడు తొట్టి ఫిల్టర్‌లో స్పాంజి తీసి సబ్బు పెట్టి ఉతికాడు. మరదలు నీళ్ళన్నీ పారబోసి, క్లోరిన్ వాసనైనా పోని కుళాయి నీళ్ళు పట్టింది. మేనత్తేమో చేపలు నీరసంగా ఉన్నాయని ఇంకాస్త మేత వేయించింది. ఎవరికి వారే మిగతావాళ్ళు మరిచిపోయి ఉంటారని రొట్టె ముక్కలు చిదిమి వేశారు. తిలాపాపం తలా పిడికెడు.

చివరికి కండక్టర్ చేపల దుకాణానికి పరిగెత్తాడు. 

"మురికి తినే చేపలున్నాయి సార్. నాలుగు పడేస్తే మీ తొట్టి అద్దమే!" అన్నాడు దుకాణదారు.

నీళ్ళు పాడయ్యింది చేపలు ఎక్కువై. విరుగుడు మరో నాలుగు చేపలు. ఈ లెక్క కండక్టర్‌కు ఎంతో సబబుగా తోచింది. నాలుగింటినీ, వాటితోపాటు నీళ్ళను తేటపరిచే పొడి డబ్బానూ తెచ్చాడు. ఆ నాలుగూ మురికి తిన్నాయి. తిన్న ప్రతి ప్రాణీ చేసే పనే అవీ చేశాయి.

పొడి మాత్రం పనిచేసింది. నీళ్ళు తళతళలాడాయి. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఆ తొట్టిని చూసి తెలుసుకోవచ్చు. ఎందుకంటే చేపలన్నీ పైకి తేలి గాలి కోసం నోళ్ళు తెరుస్తున్నాయి. 

"చూడు, మనతో మాట్లాడుతున్నాయి!" అని మేనత్త మురిసిపోయింది.

'పిల్ల' ఏమీ మాట్లాడలేదు. ఒక మూల పక్కకు ఒరిగి, మొప్పలు మాత్రం ఆడిస్తోంది. కండక్టర్‌కు ఆ సీసా, ఆ ప్రయాణం, మూత మీద చెయ్యి వేసి కూర్చున్న కొత్త పెళ్ళికూతురు, అన్నీ కళ్ళ ముందు మెదిలాయి. అది పోతే ఆమె మొహం ఎలా చూడాలో ఆయనకు తెలియలేదు.

"ఏం చేద్దామే?" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

"కొన్నిటిని తీసి ఎవరికైనా ఇచ్చేయండి."

"ఎక్కినవాళ్ళని దించెయ్యమంటావా? నా సర్వీసులో లేదు."

"అయితే డ్యూటీకి వెళ్ళిరండి," అందామె.

ఆ రోజంతా బస్సులో ఎవరు నోరు తెరిచినా ఆయనకు 'పిల్లే' కనిపించింది. సాయంత్రం బెరుకుబెరుకుగా ఇంటికొచ్చాడు. విజిల్‌ను అలవాటుగా తొట్టి పక్కన మేకుకు తగిలించి లోపలికి చూశాడు. తొట్టిలో ఎర్ర చేప లేదు. గబగబా వంటింట్లోకి వెళ్ళాడు.

సిలిండర్ పక్కన, భార్య చాప పరుచుకునే చోట బకెట్ ఉంది. అందులో 'పిల్ల' తోక ఆడిస్తూ చక్కర్లు కొడుతోంది.

"బతికిందే! ఏ మందు వేశావు?" కండక్టర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మందేం లేదండీ. నిన్న పట్టి ఉంచిన నీళ్ళు పోసి, దీన్నొక్కదాన్నే వేశాను. ఊపిరాడింది, అంతే."

కండక్టర్ సంబరంగా బకెట్‌లోకి వంగాడు. ఆ సంబరంలోనే పాతగుణం నిద్రలేచింది.

"ఇంత బకెట్‌లో ఒక్కటేనా? కాస్త జరిగితే ఇంకో నాలుగు..."

భార్య ఆయన్ని ఓసారి ఎగాదిగా చూసింది. ముందు గదిలోకి వెళ్ళి, మేకుకున్న విజిల్ తీసి నోట్లో పెట్టుకుంది. ఒక్కటే విజిల్, ఊపిరి ఉన్నంతసేపూ ఊదింది.

తమ్ముడి చేతిలో రిమోట్ జారిపోయింది. మేనత్త సామెత మధ్యలో తెగిపోయింది.

"ఏమైంది వదినా?" అన్నాడు తమ్ముడు.

"ఆఖరి స్టాపు. దిగాల్సినవాళ్ళు దిగండి."

అందరూ కండక్టర్ వైపు తిరిగారు. ఇలాంటప్పుడు ఆయన అనే మాట ఒకటుంది కదా, దాని కోసం. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇంతలో భార్య మీద చూపు పడింది. ఊది ఊది అలిసిపోయి, గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని గాలి పీలుస్తోంది. ఇన్నాళ్ళూ ఆయన చేప వైపే చూశాడు. సిగ్గుతో తల వాలిపోయింది.

రెండు విజిళ్ళు పడితే తప్ప బండి కదలదు. విజిల్ ఆమె చేతిలో ఉంది. ఆగిన బండికి తలుపు తీయడం కండక్టర్ పని. ఆయన వెళ్ళి వీధి తలుపు బార్లా తీసి, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.