ఇంట్లో మనిషికి రిఫరెన్స్ లెటర్

పనిమనిషి అనే మాట ఎడ్మండ్‌సన్ పార్క్ అనే విదేశీ పేటలో చచ్చిపోయింది. చంపింది డాక్టర్ ద్వారకానాథ్ గారి భార్య శేషుకుమారి. మహిళా దినోత్సవం నాడు, తెలుగు సంఘం ఫంక్షన్లో, మైకు పట్టుకుని మరీ చంపింది. "ఆ మాటే ఒక అవమానం. మనింట్లో పనిచేసేవాళ్లు మన ఇంట్లో మనుషులు!" అంది. చప్పట్లు. అదే రోజు సంఘం వాళ్లు ఆవిడకి 'ఉత్తమ కోడలు' అని శాలువా కప్పారు. మంచాన పడ్డ అత్తగారికి పోయేదాకా తన చేతులతో సేవ చేసిందట. నిజంగా సేవ చేసిన చేతులు ఆ టైములో హాలు వెనకాల గారెలు వేస్తున్నాయి. ఆ చేతులున్న మనిషి పేరు కళావతి.

కళావతిది సూర్యాపేట. మొగుడు పాండురంగ పక్కనే ఉన్న లివర్‌పూల్ పేటలో ఒక ఇండియన్ హోటల్లో వంటమాస్టరు. అతని వీసా మీద వచ్చింది, ఇప్పుడు అక్కడే ఉండిపోవడానికి పీఆర్ ఉంది. నాలుగేళ్లుగా డాక్టరు గారింట్లో వారానికి ఆరు రోజులు పని. మాట చచ్చింది సరే, మరి ఆమెని ఏమనాలి? పక్కింటి తెల్లవాళ్ల ముందు 'అవర్ ఆంటీ'. సంఘం వాళ్ల ముందు 'మా కళావతి గారు'. విజయవాడలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసినప్పుడు, గది తలుపేసుకుని, 'పనిది'. ఇక ఉప్పు ఎక్కువైన రోజున ఏ పేరూ లేదు, 'ఇదిగో నిన్నే'. ఆ 'గారు' కూడా గెస్టులు కారెక్కేదాకానే.

కళావతి ఊరికే కూర్చోలేదు. ఆదివారాలు క్లాసులకెళ్లి, ముసలివాళ్లని చూసుకునే పనికి సర్టిఫికెట్ తెచ్చుకుంది. దగ్గర్లోనే ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం దాదాపు ఖాయమైంది. డ్యూటీ రోస్టర్ ఉంటుంది, లీవు ఉంటుంది, జ్వరమొస్తే ఇంట్లో పడుకోవచ్చు. ఒక్కటే తక్కువ. ఇంతకుముందు ఈ పని చేసిందని, చేయించుకున్నవాళ్లు రాసిచ్చే లెటరు. సోమవారంలోగా ఇవ్వాలి. లేకపోతే ఆ సీటు ఇంకొకరికి.

అడిగింది. శేషుకుమారి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నీకు లెటర్ ఇవ్వకపోవడమేంటే, నువ్వు మా ఇంట్లో మనిషివి!" అని ఆ రోజే రాసిచ్చింది. రెండు పేజీలు. కళావతి బంగారం, కళావతి దేవత, నాకు తోబుట్టువు లాంటిది, మా ఫ్యామిలీ మెంబర్. పని అనే మాట మాత్రం వెతికినా దొరకదు. రాయగానే డాక్టరు గారు చదివి, ఉన్న ఒక్కటీ కొట్టేశారు. "వర్క్ అని రాస్తే రేపు సూపర్ ఏదీ, అదే మన పీఎఫ్ లాంటిది, అంటారు, ఇన్సూరెన్స్ ఏదీ అంటారు" అని భార్య చెవిలో అన్నారు. చెవిలోనే గానీ, గిన్నెలు తోముతున్న కళావతికి వినబడేంత గట్టిగా.

శుక్రవారం ఆ ఆశ్రమం నుంచి మెహ్విష్ ఫోన్ చేసింది. అక్కడ స్టాఫ్‌ని తీసుకునేది ఆమే, హైదరాబాద్ పిల్ల. "కళావతక్కా, గిది నడ్వదు. సొంత ఫ్యామిలీ ఇచ్చిన రిఫరెన్స్ మేం తీసుకోం. మీ చెల్లె మీ గురించి మంచిగనే చెప్తది గదా!"

"ఆమె నా చెల్లె కాదమ్మా."

"మరి ఏమైతది?"

నాలుగేళ్ల చాకిరీని రెండు పేజీల ప్రేమ మింగేసింది.

శనివారం డాక్టరు గారింట్లో లంచ్. ఉపేంద్ర, బిందుమాధవి దంపతులు వచ్చారు. సంఘంలో పెద్దలు, శాలువా కప్పింది వాళ్లే. కళావతి బిర్యానీ, గుత్తివంకాయ, పెరుగుచట్నీ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. ఆ తర్వాత ఒక కంచం తెచ్చుకుని, కుర్చీ లాక్కుని, ఉపేంద్ర గారి పక్కన కూర్చుని వడ్డించుకుంది.

నాలుగు నోళ్లు తెరుచుకున్నాయి, ఒక్కదాంట్లోనూ ముద్ద లేదు.

"కళావతీ, ఏంటిది?" అంది శేషుకుమారి, నవ్వు అలాగే బిగబట్టుకుని.

"తింటున్ననమ్మా. ఇంట్ల మనిషిని గదా. మీరే రాసిచ్చిన్రు."

"సరదాలొద్దు. లేచి వడ్డించు."

"ఇంట్ల మనిషినైతే తింట. పనిమనిషినైతే వడ్డిస్త. మీరు ఏదంటే అదే. కాకపోతే అదే కాయితం మీద రాయుర్రి."

బిందుమాధవి కల్పించుకుంది. "పనిమనిషి అనడం ఏం బాగుంటుంది కళావతి గారూ? హోమ్ మేనేజర్ అని రాస్తే గౌరవంగా ఉంటుంది."

"హౌస్ అసిస్టెంట్ ఇంకా బెటర్," అన్నాడు ఉపేంద్ర, బిర్యానీ వైపు చూస్తూ.

"పేరు మీకిష్టమొచ్చింది పెట్టుకోర్రి సార్. నేను చేసిన పని రాయుర్రి. మంచాన పడ్డ పెద్దమ్మకి రెండేండ్ల నాలుగు నెలలు తినిపించిన, తానం పోసిన, బట్టలు మార్చిన, పక్కకి తిప్పి పండవెట్టిన. ఒంటికి ఒక్క పుండు పడనియ్యలే. గది రాయుర్రి చాలు."

బిందుమాధవి తల మెల్లగా శేషుకుమారి వైపు తిరిగింది. ఉత్తమ కోడలు గారి మొహం వంకాయ రంగుకొచ్చింది. ఇక మైకు లేదు, హాలు లేదు.

"పనిమనిషివి పనిమనిషిలా ఉండు!" అని అరిచింది.

"అగో, గదే అడుగుతున్ననమ్మా," అంది కళావతి ముద్ద కలుపుతూ.

డాక్టరు గారు లేచారు. మంచితనం పొంగుకొచ్చి కాదు. ఉపేంద్ర గారి చూపు తట్టుకోలేక. లోపలికెళ్లి క్లినిక్ లెటర్‌హెడ్ మీద టైపు చేసి తెచ్చారు. మా ఇంట్లో నాలుగేళ్లు ఉద్యోగం చేసింది, మా అమ్మని రెండేళ్లు చూసుకుంది అని. కళావతి ఎడంచేత్తో పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "నాలుగు నెలలు ఎగవెట్టిన్రు సార్" అని వెనక్కిచ్చింది. ఆయన మళ్లీ వెళ్లారు. సరిచేసి, సంతకం పెట్టి, కింద ఇంటి నంబరు వేసి తెచ్చారు. ఆ మధ్యాహ్నం శేషుకుమారే వడ్డించింది. గరిటె ఏ డ్రాయర్లో ఉంటుందో తెలియక మూడు డ్రాయర్లు లాగింది.

సోమవారం లెటర్ ఆశ్రమానికి చేరింది. మంగళవారం మెహ్విష్ దాని మీద ఉన్న ఇంటి నంబరుకి ఫోన్ చేసింది. డాక్టరు గారు క్లినిక్‌లో ఉన్నారు, శేషుకుమారే ఎత్తింది. సింకు నిండా మూడు రోజుల గిన్నెలు, స్టవ్ మీద పొంగిన పాలు.

"కళావతి మీకు ఏమవుతారు మేడమ్?"

శేషుకుమారి స్టవ్ కట్టేసింది. "మా దగ్గర పనిచేసింది," అంది. నాలుగేళ్లలో మొదటిసారి, తలుపు వేసుకోకుండా, అరవకుండా.

"మీ అత్తగారిని చూసుకున్నది తనేనా?"

"...తనే."

"లాస్ట్ క్వశ్చన్. అవకాశముంటే మళ్లీ తనని పనిలో పెట్టుకుంటారా?"

శేషుకుమారి సింకు వైపు చూసింది.

"రేప్పొద్దున పంపించగలరా?" అంది.

"సారీ మేడమ్," అంది మెహ్విష్. "రేపట్నించి ఆమెకి ఇక్కడ డ్యూటీ."