రెండు వన్నెల బేరిచెట్టు

శ్రావణమాసపు జడివాన తెరపియిచ్చిన యొక యపరాహ్ణమున కమ్మెలగిరి సంస్థానమువారి కొండతోటపై మంచు దిగి సోపానపంక్తులను లతాగృహములను ఒక్కొక్కటిగా మఱుగుపఱచుచుండ తోటనడుమ ఒంటిగా నిలిచిన బేరిచెట్టు మాత్రము ఫలభారావనతశాఖలతో నల్లగా కానవచ్చుచుండెను. రాలిన పండ్లు దానిక్రింద మ్రగ్గి కుళ్ళుచుండినను తోటపనివా రెవ్వరును వానిని ముట్టరైరి. మంచులోనుండి యప్పుడప్పుడు దగ్గు వినవచ్చినంతనే గునపములు విడిచి ప్రాణము లఱచేత బెట్టుకొని పాఱిపోవుచుండిరి.

ఆ భయమునకు కారణము లేకపోలేదు. పూర్వమచ్చట రెండు బేరిచెట్లుండెడివి. ఒకదాని కాయ గోధుమవన్నెది, రెండవదాని కాయ పసుపువన్నెది. ఆఱేండ్లక్రిందట దివానుగారు విడిదిమేడకు బాట తీయింపనెంచి పసుపుకాయల చెట్టును గొట్టించిరి. దానిని బిడ్డవలె పెంచిన తోటమాలి గవరయ్య వలదని కాళ్ళావేళ్ళాపడి చీవాట్లు తిని మఱునాడే జ్వరమున బడి మాట పడిపోయి పదిదినములలో గతించెను. మిగిలిన చెట్టు మూడేండ్లు విరగబూచియు ఒక్క పిందెయైన పట్టలేదు. నాలవయేట నది కాచెను. కాచి, తన గోధుమకాయలతోపాటు నఱకబడిన చెట్టు పసుపుకాయలనుగూడ మోసెను! గవరయ్య దయ్యమై చెట్టెక్కినాడని యెల్లరును నిశ్చయించిరి. నాటినుండి మూడు కాపులు నేలపాలయ్యెను. రాబోవు అమావాస్యకు ముందే చెట్టును నఱకవలయునని దివానుగా రుత్తరువు చేసిరి.

ఇంతలో తోటలోని వృక్షములకు జాతినిర్ణయము చేసి వాని యుపయోగములను పుస్తకమున వ్రాయుటకై చెన్నపట్టణమునుండి శఠకోపాచార్యులను పండితుడు వచ్చెను. పేరు తెలియని మొక్క కంటబడిన అన్నము సహింపని మనిషి. దయ్యములన్న నాయనకు నవ్వు. పనివారు పాఱిపోవుచుండగా ఆయన దగ్గు వినవచ్చిన దిక్కునకే నడచెను. అచ్చట గవరయ్య భార్య నూకాలమ్మ చెట్టుమొదలున గూర్చుండి యొక పసుపుపండును వేరునొద్ద పెట్టుచు దగ్గుచుండెను.

“సెట్టు కొట్టీకుండా ఒక్క మాట సెప్పండి బాబూ. మా మావ ఇందులోనే ఉన్నాడు. కాసినకాడి నుంచీ పళ్లు ఆయనకే పెడతన్నాను. ఇదీ పోతే నాకింకెవలున్నారు?” అని యామె చేతులు జోడించెను.

ఆచార్యులు పరీక్షకు దొరకొనెను. ఆకుల యంచున రంపపుపండ్లను చూచెను, కాయల తోలుపై చుక్కలను చూచెను, కత్తితో చీల్చి కండలోని యిసుకపలుకులను వ్రేళ్ళతో నలిపెను. చీనా జపాను దేశములందు సాగగు నీ బేరిజాతి తన పుప్పొడితో తాను కాయదనియు వేఱొక భేదపు పుప్పొడిని తేనెటీగలు తేవలయుననియు ఆయన యెఱుగును. మఱి జంటలేని చెట్టెట్లు కాచెను? నిచ్చెన వేయించుకొని యెక్కి చూడగా పసుపుకాయలన్నియు పడమటికొమ్మ యొక్కదాననే యుండెను. ఆ కొమ్మవెంబడి చేయి జార్చుచు వచ్చి మొదటనున్న నాచు గీకగా ఏటవాలుగా నొక యతుకు బయటపడెను. ఉబ్బిన బెరడు సగము మ్రింగిన గుడ్డపీలిక యొకటి యందుండెను.

“దయ్యము కాదమ్మా, అంటు! కొట్టివేసిన చెట్టుకొమ్మను నీ పెనిమిటి దీనికి అంటుగట్టినాడు. అది పూతకు వచ్చుటకు మూడేండ్లు పట్టినది, అది పూచిన పిదప ఒకదాని పుప్పొడితో నొకటి కాచినవి, అంతే. ఈ మాట దివానుగారికి నేను వ్రాసియిత్తును. చెట్టు నఱకరు” అని యాచార్యులు సంబరముగా చెప్పెను.

నూకాలమ్మ మొగము పాలిపోయెను.

“అయితే ఆయన లేడా బాబూ?”

చెట్టు దక్కెను గాని చెట్టులోని మనిషి పోయెను. తన విద్యకు ఆచార్యులు సిగ్గుపడుట అదియే మొదలు. ఆ గుడ్డపీలికను తెంపి యామె చేతబెట్టెను. ఆమె దాని యెఱ్ఱయంచును చాలసేపు తడిమిచూచెను.

“నా కోకంచు బాబూ ఇది. సెట్టు కొట్టిన రోజే సింపినాడు. మంచి కోక తగలేసినావని తిట్టిపోసినాను. నవ్వీసి ఊరుకున్నాడు. దివాన్జీ సెవిని పడతాదని భయం కాబోలు. తెల్లారేతలికి జొరం.”

మాట మార్పవలెనని యాచార్యులు పుస్తకము తెఱచి యీ పసుపుకాయ మీకెందుల కుపయోగించెడిదని యడిగెను.

“అల్లమూ తేనే యేసి ఉడకబెట్టి నాకిచ్చేవోడు బాబూ. ముసురు పట్టిందంటే నాకు ఈ దగ్గు…”

ఆమె వేరునొద్ద తాను పెట్టిన పండును చూచెను. దానిచుట్టును మురిగిన పండ్లను చూచెను.

“నాకోసం కట్టినాడు. ఆయన నాకు పెట్టిన పండు, మూడేళ్లూ నేను ఆయనకే పెట్టీసినాను.”

అని యామె యా పండు తీసి కొంగున తుడిచి కొఱికెను. ఇసుకపలుకులు కరకరలాడిన సద్దు ఆచార్యులకు స్పష్టముగా వినవచ్చెను. ఆయన పుస్తకమున ‘దగ్గునకు మందు’ అని వ్రాసి మఱియేమియు వ్రాయలేక మూసి మేడదిక్కునకు మరలెను.

మెట్లసగమెక్కి వెనుదిరిగి చూడగా మంచు చెట్టును మనిషిని గూడ కప్పివేసియుండెను. దగ్గు వినరాలేదు. ఏడ్పుతో గలిసిన నూకాలమ్మ గొంతు మాత్రము వినవచ్చెను.

“ఒక్క మాట సెప్పొచ్చు కదా మావా!”

దయ్యములన్న నవ్వెడు నా పండితుడు బదులు వినవచ్చునేమో యని మెట్టుపై పెట్టిన కాలు పెట్టినట్లే యుంచి చాలసేపు నిలిచియుండెను.