ఇరవై మూడో నంబరు

"ఇరవై రెండు."

"ప్రెజెంట్ సార్."

రామబ్రహ్మం టిక్కు పెట్టాడు. చొక్కా చేతులకు సుద్దపొడి, జేబు అడుగున నీలం సిరా మరక. ముప్పై ఏళ్ల మేష్టరు ఉద్యోగం ఆయన ఒంటిమీద మిగిల్చినవి అవే. 1976 మార్చి నెల. నానక్‌రామ్‌గూడ రాతిగుట్టల పక్కన, అద్దె భవనంలో బిజినెస్ మేనేజ్‌మెంట్ క్లాసు. ఆయనకిదే ఆఖరి పాఠం. రేపటినుంచి రిటైరు.

ఏడాది పొడుగునా ఆయన చెప్పింది ఒక్కటే. "రాసుంది కదా అని నమ్మకండి. ఎలా తెలుసని అడగండి." అది ఎవరికైనా ఎక్కిందో లేదో చూద్దామని, జూన్‌లోనే రిజిస్టరు చివర లేని మనిషి పేరొకటి తనే రాశాడు. ఇరవై మూడు, కామేశ్వరరావు. మొదటిరోజే జవాబొచ్చింది. ఎవడో కొంటె వెధవ అనుకున్నాడు. రోజూ వస్తూనే ఉంది. ఆ గడి మాత్రం ఆయన ఖాళీగా వదిలేసేవాడు. ఆ కామేశ్వరరావు ఎవరని ఒక్కరూ అడగలేదు. ఈరోజూ అడక్కపోతే ముప్పై ఏళ్లూ గోడకు చెప్పినట్టే.

"ఇరవై మూడు."

ఈసారి తలెత్తి అందరి పెదాలూ చూశాడు. ఇరవై రెండు నోళ్లూ మూసే ఉన్నాయి.

"ప్రెజెంట్ సార్."

ఖాళీగా ఉన్న వెనక బెంచీ నుంచి వచ్చిందా గొంతు. అంత ఎండలోనూ ఆయన వీపు చల్లబడింది.

"ఎవరయ్యా అది?"

"కామేశ్వరరావండీ," అన్నాడు ముందు బెంచీలోని బుల్లిబాబు.

"నువ్వతన్ని చూశావా?"

"చూడ్డమెందుకండీ? రిజిస్టర్లో ఉన్నాడు కదా!"

క్లాసు గొల్లుమంది. రామబ్రహ్మం గుండెలో కలుక్కుమంది. బల్ల అంచు పట్టుకున్నాడు.

అప్పుడు లేచింది సీతాబాయి, ఆ ఊరి పిల్లే. "గా మనిషి లేడు సార్. నిన్న బల్ల మీద రిజిస్టర్ చూసిన. మా పేర్లన్నీ ఆఫీసోళ్లు నల్ల సిరాతోని రాసిన్రు. గాయనదొక్కటే నీలం. మీ కలమే అది."

"మరి పలికిందెవరమ్మా?"

ఆమె వెనక బెంచీకేసి చూసింది. "తెల్వదు సార్. తెల్వంది తెల్వదనే చెప్త."

రామబ్రహ్మం ముఖం విచ్చుకుంది. "చాలు తల్లీ," అంటూ కూర్చున్నాడు. ఆ పేరు కొట్టేయడానికి కలం మూత తీశాడు. కాసేపటికి తల మెల్లగా పక్కకు వాలింది, కునుకు పట్టినట్టు.

పిల్లల కేకలు విని అటెండరు పెంటయ్య పరుగెత్తుకొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. "సార్ పోయిండు," అని తలగుడ్డ తీసేశాడు.

సీతాబాయి బల్ల దగ్గరే నిలబడిపోయింది. రిజిస్టరు తెరిచే ఉంది. నీలం గీత కామేశ్వరరావు పేరు మీద సగంలో ఆగిపోయింది. పక్కనే, ఏడాదిగా ఖాళీగా ఉన్న వరుసలో, ఈనాటి గడిలో ఒక టిక్కు. నల్లది. ఇంకా తడి ఆరలేదు.