అద్దాలు తాగే నీళ్ళు

అద్దానికి నీళ్ళు తాగించడమెందుకు, దానికేమన్నా గొంతుందా అనేది రెబెక్కమ్మ. ఆ మాట అనే హక్కు ఆమెకుంది. స్టేషను పక్క రైలు కాలనీలో రెస్టుహౌసు కిటికీలు, ఇన్‌స్టిట్యూటు క్లబ్బు కిటికీలు, చర్చి కిటికీలు అన్నీ తుడిచేది ఆమే. పెనిమిటి పోయినప్పటినుంచీ అదే ఆమె బతుకు. అందరూ అద్దాల రెబెక్కమ్మ అనేవాళ్ళు.

ఆ కిటికీల సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. బిట్రగుంట నుంచి వచ్చే ప్రతి ఇంజనూ కాలనీ పక్కన ఆగి బుసలు కొట్టి, కడుపులో ఉన్న మసినంతా అద్దాల మీద కక్కి పోయేది. దాని మీద సముద్రపు గాలి జిగట. ఆ మసి మీద నీళ్ళు పోశారా, కాటుక నూరినట్టే. ఇక బావి తోడి పోసినా వదలదు, ఈ మూల నుంచి ఆ మూలకు పాకుతుందంతే. రెబెక్కమ్మ ముందు పొడి గోనెపట్టాతో మసి దులిపేసేది. తర్వాత గట్టిగా పిండిన తడిగుడ్డ ఒక్కసారి. ఆ తడి ఆరకముందే పాత పేపరుతో రుద్దేది. రెస్టుహౌసు మొత్తానికి ఒక చెంబు నీళ్ళు చాలు.

కాలనీవాళ్ళు మాత్రం ఆమెకు పూటకు రెండు బకెట్లు ఇచ్చేవాళ్ళు. ఏ కాలపు ఏర్పాటో, ఎవరు పెట్టారో దేవుడికెరుక. ఇచ్చేవాళ్ళను వద్దనడమెందుకని ఆమె మిగిలిన నీళ్ళు చర్చి ముందు మందారానికి పోసేది. చైనాతో యుద్ధం జరిగిన మరుసటి ఎండాకాలంలో మాత్రం ఆ నీళ్ళకు వేరే దారి దొరికింది.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. కంచె అవతల ఊరు మంచినీళ్ళకు నమ్ముకున్నది ఇసకలో తవ్విన దొరువులనే. అవి ఎండి ఇసకే మిగిలింది. ఇక ఉన్నది ఉప్పుబావి. ఆ నీళ్ళతో పప్పు కూడా ఉడకదు. కంచె లోపల కాలనీకి ట్యాంకుంది, కుళాయిలున్నాయి. బయటివాళ్ళకు చుక్క పోయకూడదని రూలు. నిరుడు ఒకాయన జాలిపడి నాలుగు బిందెలు బయటికి వదిలి ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

బయటికి పోనిచ్చేది మురికినీళ్ళను మాత్రమే. లోపల పారబోస్తే దోమలు పుడతాయని అదింకో రూలు. అదిగో, అక్కడ దొరికింది రెబెక్కమ్మకు సందు. చెంబుడు నీళ్ళతో పని ముగించి, బకెట్ మీద ఉతికిన గుడ్డ ఒకటి, దాని పైన మసిగుడ్డ ఒకటి కప్పి గేటు దాటించేది. “నా గుడ్డల మీద చిందించబాక తల్లీ” అంటూ గేటుమనిషి తానే పక్కకు జరిగేవాడు.

ఆ నీళ్ళు పోయేది మస్తానమ్మ ఇంటికి. వాళ్ళది సేద్యం చేసుకునే ఇల్లు. మంచిరోజుల్లో రెబెక్కమ్మను వాకిట్లోనే నిలబెట్టి, చెంబు తగలకుండా పైనుంచి దోసిట్లో నీళ్ళు పోసిన మనిషే ఈ మస్తానమ్మ. ఆకలి రుచెరగదంటారు, దాహం కులం కూడా అడగదు. ఆమె కూతురు సామ్రాజ్యం పసివాణ్ణి ఎత్తుకుని పుట్టింటికొచ్చింది. ఏడాది నిండని బిడ్డ, ఉప్పునీళ్ళకు విరేచనాలు పట్టుకుని వడిలిన తోటకూర కాడలా వేలాడిపోయాడు. కాంపౌండరు చూసి, మంచినీళ్ళు కాచి బార్లీ పట్టమన్నాడు, ఉప్పుబావి నీళ్ళు పట్టారా ఇక తన దగ్గరికి రావద్దన్నాడు. ఆ సాయంత్రం మస్తానమ్మ కంచె దగ్గరికొచ్చి, “అక్కా” అని పిలిచింది. రెబెక్కమ్మను ఆ ఇంటివాళ్ళు అక్కా అని పిలవడం అదే మొదలు.

బార్లీ పట్టిన మూడోనాటికి పిల్లాడు కళ్ళు తెరిచి చూశాడు. హమ్మయ్య అనుకునేలోగా శనివారం నాడు నీళ్ళ మేస్త్రి పద్మనాభయ్య వచ్చాడు. కాలనీలో కుళాయి తిప్పాలన్నా కట్టాలన్నా ఆయనే. మనిషి కొయ్యముక్క, నవ్వితే పన్ను కట్టాలనుకునే రకం.

“రెబెక్కమ్మా, సోమవారం నీ పని నేను కూర్చోని చూస్తా. ట్యాంకు అడుగంటతా ఉండాది. ఏ పనికి ఎన్ని నీళ్ళు పడతాయో కళ్ళారా చూసి చెప్పమని పైనించి ఆర్డరు. అద్దాలు ఎంత తాగితే అంత, ఆ మీద చుక్క ఇయ్యను” అన్నాడు.

రెబెక్కమ్మ లెక్క వేసుకుంది. చెంబుతో తుడిస్తే ఆనాటినుంచి చెంబే. అది కిటికీలకు సరిపోతుంది, మరి పిల్లాడికి?

ఆదివారం పని లేదు, నీళ్ళూ లేవు. మస్తానమ్మ ఇంట్లో దాచుకున్న నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోయాయి. పిల్లాడు ఏడ్చి ఏడ్చి నాలుక పిడచగట్టుకుపోతే, చేసేది లేక ఉప్పుబావి నీళ్ళే కాచి పట్టారు. మళ్ళీ మొదలు. చర్చిలో అందరూ వాన కోసం ప్రార్థన చేస్తుంటే రెబెక్కమ్మ మాత్రం, “వాన తర్వాత చూద్దువుగానీ ప్రభువా, రేపు ఒక్కరోజు ఆ అద్దాలకు దాహమియ్యి” అని వేడుకుంది. వేడుకుని ఊరుకోలేదు, దేవుడికి కాస్త చెయ్యి సాయం చేయాలని కూడా నిశ్చయించుకుంది.

సోమవారం పొద్దున పద్మనాభయ్య రెస్టుహౌసు ముందు స్టూలు వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. రెబెక్కమ్మ గోనెపట్టా ముట్టుకోలేదు. దేవుడా నువ్వే దిక్కని చెంబుడు నీళ్ళు ఎత్తి మసి అద్దం మీద కుమ్మరించింది. ఇన్నేళ్ళలో అలా పోయడం అదే మొదటిసారి.

మసి కరిగి చారలు చారలుగా జారింది. గుడ్డ పెట్టేసరికి అద్దమంతా నల్లటి ముద్ద.

“ఇదేంది, తారు పూసినట్టుండాదే!” అన్నాడు పద్మనాభయ్య.

“ఎండాకాలం గదా మేస్త్రీ, అద్దాలకు గూడా దాహమే. ఇంకాసిన్ని పోస్తే పోద్ది.”

ఇంకాసిన్ని పోసింది. పోలేదు. మొదటి బకెట్ అయింది, రెండోది సగానికొచ్చింది. ఆ సగమన్నా మిగిల్చి, మసిగుడ్డ కప్పి గేటు దాటించాలని ఆమె ఆలోచన. కానీ పద్మనాభయ్యకు పట్టుదల వచ్చింది. ఆయనకు పట్టుదల వస్తే పట్టపగ్గాలుండవు.

“జరుగు, నీ చేతులో సత్తువ లేదు” అని గొడుగు పక్కన పడేసి, చొక్కా చేతులు పైకి మడిచి, తానే బకెట్ ఎత్తి ఫెడీల్మని కొట్టాడు. ఇంకో బకెట్ తెప్పించాడు. అదీ కొట్టాడు. దాని తర్వాత ఇంకొకటి. ప్రార్థన ఫలించడమంటే ఇలా ఫలిస్తుందని రెబెక్కమ్మ అనుకోలేదు. మంచినీళ్ళు, తియ్యటి మంచినీళ్ళు, గోడ మీదుగా కారి ఇసకలో ఇంకిపోతున్నాయి. కాకులు వచ్చి గుమ్మం కింద మడుగులో ముక్కు పెట్టి తాగుతున్నాయి.

ఆమె తల తిప్పింది. కంచె అవతల మస్తానమ్మ నిలబడి ఉంది, చంకలో ఖాళీ బిందెతో, కారిపోయే నీళ్ళ వంకే చూస్తూ.

పద్మనాభయ్య మళ్ళీ బకెట్ ఎత్తాడు. రెబెక్కమ్మ వెళ్ళి ఆ బకెట్‌ను రెండు చేతులా వాటేసుకుంది.

“చాలు మేస్త్రీ, చాలు! నీ కాళ్ళకు దండం పెడతా, ఆపు. నేను అబద్ధమాడినా. అద్దాలకు దాహమూ లేదు, పాడూ లేదు. చెంబుడు నీళ్ళు చాలు. మిగతావి మసిగుడ్డ కప్పి బయటికి మోస్తా ఉన్నా. మస్తానమ్మ మనవడికి. నన్ను పనిలోనించి తీసేస్తే తీసెయ్యి, ఇది మట్టుకు పారబొయ్యబాక” అని, అక్కడే తడి ఇసకలో కూలబడి బావురుమంది.

పద్మనాభయ్య బకెట్ కింద పెట్టాడు. కంచె వైపు చూశాడు, మస్తానమ్మను చూశాడు. తడిసిన చొక్కాను చూసుకున్నాడు.

“పిల్లోడు ఎట్టుండాడు?” అన్నాడు చివరికి.

“నిన్న నీళ్ళు లేక మళ్ళీ పడిపోయినాడు.”

“చెంబుడు నీళ్ళతో తుడుస్తానంటివే, ఏదీ, తుడువు.”

ఆమె కన్నీళ్ళు కొంగుతో అద్దుకుని, పక్క కిటికీ దగ్గరికి పోయింది. గోనెపట్టా, తడిగుడ్డ, పేపరు. అద్దంలో పద్మనాభయ్య ముఖం మీసాలతో సహా కనిపించింది. ఆయన దాన్ని కాసేపు చూసి గొంతు సవరించుకున్నాడు.

“ఈ కిటికీ నేను చూడలా” అన్నాడు. “ఆ కిటికీ చూసినా. నా చేత్తో నేనే పోసినా. బకెట్ల మీద బకెట్లు తాగింది. పైవాళ్ళు అడిగితే అదే చెప్తా, అది అబద్ధం గాదు గదా?”

రెబెక్కమ్మకు అర్థం కాలేదు. నోరు తెరుచుకుని చూసింది.

“ఏందమ్మే అట్టా చూస్తా ఉండావు? బయటి పిల్లోడికి గ్లాసుడు నీళ్ళు ఇయ్యడానికి నాకు అధికారం లేదు. ఇస్తే నిరుడు పోయినాయన వెనకే నేనూ ఇంటికి. అద్దాలకు ఎన్ని బకెట్లయినా ఇయ్యొచ్చు. అద్దం కాలనీది, పిల్లోడు కాడు. అంతే తేడా.” ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చేదు మింగినట్టయింది. “రేపటినుంచి పూటకు నాలుగు బకెట్లు. ఒక్క చుక్క ఇసకలో పోసినావో, నేనూరుకోను.”

మసిగుడ్డ ఆయనే తీసి నిండు బకెట్ మీద పరిచాడు. ఉతికిన గుడ్డ కింద వేయాలని ఆయనకేం తెలుసు! రెబెక్కమ్మ గబగబా సర్దుకుంది. “మురికినీళ్ళు, దోవియ్యండి!” అని గేటు వైపు కేకేశాడు పద్మనాభయ్య. కొయ్యముక్కకు కూడా చిగురు వేస్తుందని ఆ పూట తెలిసింది ఆమెకు. ఆమె నడవలేదు, పరిగెత్తింది, అయినా బకెట్ తొణకలేదు.

మస్తానమ్మ పొయ్యి రాజేసింది. సామ్రాజ్యం చేతులాడక వాకిలి పట్టుకుని నిలబడితే, రెబెక్కమ్మే నట్టింట్లో కూర్చుని పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. ఎవరూ వద్దనలేదు, ఎవరికీ ఆ ధ్యాసే లేదు. బార్లీ ఆరింది. ఉగ్గుగిన్నెతో ఒక్కొక్క గుక్కే పట్టింది. మొదట పెదవుల మీదుగా కారిపోయింది. తర్వాత గొంతు కదిలింది. గుటక, మళ్ళీ గుటక. గిన్నె తీసేస్తే పిల్లాడు కోపంగా కాళ్ళు తన్నుకున్నాడు. ఇంకో గిన్నె పట్టింది. మధ్యాహ్నం బండి కూతేసి పోయేవరకూ అలా కొంచెం కొంచెం పడుతూనే ఉంది.

పిల్లాడు ఆమె వేలు పట్టుకుని నిద్రలోకి జారుకున్నాడు. ఒళ్ళో వెచ్చగా అనిపించింది. ఆ వెచ్చదనం కోకంతా పాకింది.

“అయ్యో పెద్దమ్మా, నీ కోక!” అని సామ్రాజ్యం పరిగెత్తుకొచ్చింది.

“పోసినాడా?” మస్తానమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి, తడిసిన కోకను చేత్తో తాకి చూసింది, నమ్మలేనట్టు. “అక్కా, నిన్నట్నించి తడపలేదక్కా వీడు! ఒక్కసారి గూడా!” అని నవ్వుతూ ఏడ్చింది.

సామ్రాజ్యం పిల్లాణ్ణి ఎత్తుకోబోయింది. రెబెక్కమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“కదిలించబాక బిడ్డా. పొయ్యనియ్యి. నా తండ్రి, నాయనా, అంతా పొయ్యనియ్యి.”